అంబాసిడర్ డ్రైవ్‌లైన్ డైరీ: ఏది మార్చాం, ఏది వదిలేశాం

బండి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. 1489 సిసి బి-సిరీస్ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్, నాలుగు గేర్లు, వెనక చక్రాలకు పవర్. ఈ డైరీలో ఇంజన్ పని లేదు. క్లచ్ దగ్గర మొదలై వెనక చక్రం దాకా ఉన్న సామాను సంగతే రాస్తున్నాను. ఇలాంటి బండి ఉన్నవాళ్లు కొలతలు చూసుకుని తమ బండితో పోల్చుకోవచ్చు.

బండిలో ఉన్న కంప్లైంట్లు ఇవి:

1. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనక నుంచి గట్టిగా "టక్".
2. మొదటి గేరులో నెమ్మదిగా కదులుతుంటే కింద "కిచ్ కిచ్".
3. ఎడమ వెనక బ్రేకు డ్రమ్ములోకి ఆయిల్ వచ్చి లైనింగ్ తడిసిపోవడం.
4. రాత్రి నిలిపిన చోట క్లచ్ హౌసింగ్ కింద ఆయిల్ చుక్కలు.
5. మూడు నుంచి రెండో గేరుకి దించితే గరగర.

ఒక గ్యారేజీలో చూపిస్తే ₹48,000 ఎస్టిమేట్ ఇచ్చారు. క్రౌన్ పినియన్ సెట్టు (వెనక యాక్సిల్‌లో పవర్‌ని చక్రాల వైపు తిప్పే గేర్ల జత), క్లచ్ సెట్టు, గేర్‌బాక్స్ ఓవరాలింగ్, హబ్ బేరింగ్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పవర్ తెచ్చే షాఫ్ట్) క్రాసులు, అంటే దాని రెండు కొసల్లోని జాయింట్లు, అన్నీ కలిపి. "నలభై ఏళ్ల బండి బాబూ, విప్పినప్పుడే అన్నీ కొత్తవి వేసేస్తే మళ్లీ టెన్షన్ ఉండదు" అన్నారు అక్కడి మేస్త్రీ. కొత్త బండి విషయంలో అయితే ఈ మాటకి నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. క్రౌన్, పినియన్ రెండూ ఒకదానితో ఒకటి ఒరిపిడి చేసి జతగా బయటికి పంపినవి. ఆ జతని ఒకసారి తుక్కులో వేస్తే మళ్లీ దొరకదు. దాని బదులు వేసే సెట్టు అంత బాగా కలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అందుకే మార్చాలా వద్దా అన్నదానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఆ భాగం విరిగితే ప్రాణాపాయమా? కొలిస్తే హద్దు దాటిందా? బజార్లో దొరికేది ఉన్నదానికంటే మంచిదేనా? మొదటి ప్రశ్నకి అవునని వస్తే వెంటనే మార్చాలి. లేకపోతే మిగతా రెండింటికీ అవునని రావాలి.

దశ 1: వదులు ఎక్కడుందో కొలవడం

"టక్"మని వినిపిస్తే చాలామంది క్రౌన్ పినియనే పోయిందనుకుంటారు. కానీ గేర్‌బాక్స్ నుంచి చక్రం దాకా ప్రతి జాయింట్‌లోనూ కొంచెం కొంచెం వదులు ఉంటుంది. చెవికి అదంతా కలిసి ఒకే చప్పుడుగా తగులుతుంది. ఏ జాయింట్ వాటా ఎంతో విడదీయాలంటే కొలవాల్సిందే.

సామాను: సర్వీసింగ్ గుంత, 30 సెంటీమీటర్ల ఇనుప ముల్లు (మేం సైకిల్ పుల్ల వాడాం), హోస్ క్లిప్పులు, అట్టముక్క, పెన్సిల్, డయల్ గేజ్ (అతి చిన్న కదలికనీ చూపే, గడియారం లాంటి గేజ్).

1. బండి గుంత మీద, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు.
2. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగాలి. వెనక చక్రానికి, నేలకి కలిపి సుద్ద గీత గీస్తే చక్రం కదిలిందేమో తెలుస్తుంది. కదిలితే ఆ కొలత చెల్లదు.
3. ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక ఫ్లాంజికి (బోల్టులు బిగించే అంచుకి) ముల్లుని హోస్ క్లిప్పుతో బిగించాలి. షాఫ్ట్ మధ్య నుంచి ముల్లు కొసకి 30 సెంటీమీటర్లు ఉండాలి.
4. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫ్లాంజిని చేత్తో అటూ ఇటూ ఆనేదాకా తిప్పి అట్టమీద రెండు గుర్తులు పెట్టాలి.

ఈ దూరంలో ముల్లు కొస 5.2 మిల్లీమీటర్లు కదిలితే 1 డిగ్రీ. లెక్క అంతే.

మాకు వచ్చిన కొలతలు:

- డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండింటికీ పవర్ పంచే గేర్ల ముద్ద), యాక్సిల్ వైపు: 58 మి.మీ., అంటే 11 డిగ్రీలు.
- వెనక క్రాస్‌లో: 10 మి.మీ., దాదాపు 2 డిగ్రీలు.
- ముందు క్రాస్‌లో: వదులు తెలియలేదు, కానీ చేత్తో తిప్పితే ఒక చోట పట్టేస్తోంది.
- నాలుగో గేరులో పెట్టి గేర్‌బాక్స్ వైపు: 8 మి.మీ., 1.5 డిగ్రీలు.

మొత్తం 76 మి.మీ. ఇందులో నాలుగింట మూడు వంతులు వెనక యాక్సిల్‌దే. ఇక్కడిదాకా మేస్త్రీ గారి అంచనా సరిగ్గానే ఉంది. అయితే ఆ 11 డిగ్రీల్లో క్రౌన్ పినియన్ పళ్ల మధ్య వదులు ఎంత అన్నది విప్పితే గానీ తేలదు. అప్పటిదాకా ఏ సామానూ కొనకూడదని అనుకున్నాం.

ఖర్చు: డయల్ గేజ్, మ్యాగ్నెట్ స్టాండ్ ₹1,850.
ఇప్పటిదాకా: ₹1,850

దశ 2: ప్రొపెల్లర్ షాఫ్ట్

క్రాసుల విషయంలో ఆలోచించడానికేం లేదు. అరవై కిలోమీటర్ల స్పీడులో ముందు క్రాస్ విరిగితే షాఫ్ట్ కొస రోడ్డు మీద పడి బండిని పైకి లేపే ప్రమాదం ఉంది. మొదటి ప్రశ్నకే జవాబు వచ్చేసింది. రెండూ మార్చాలి.

షాఫ్ట్ దించే ముందు ఫ్లాంజి మీద, డిఫరెన్షియల్ ఫ్లాంజి మీద కలిపి పెయింట్ గీత పెట్టండి. ముందువైపు స్ప్లైన్‌కి (షాఫ్ట్ మీద పొడుగు పళ్లు ఉండే భాగానికి) కూడా గుర్తు పెట్టండి. బ్యాలెన్స్ చేసిన షాఫ్ట్ ఏ వరసలో తిరిగిందో ఆ వరసలోనే తిరిగి ఎక్కాలి.

పాత క్రాస్ కప్పు ఊడదీస్తే లోపల గ్రీజు లేదు, ఎర్రటి పొడి ఉంది. సూది బేరింగులు క్రాస్ కాలిని కొరికి పొడుగు గాట్లు పెట్టాయి. గోరుతో గీస్తే ఒక్కో గాడీ తగులుతోంది. "కిచ్ కిచ్" ఇక్కడిదే.

కొత్త క్రాస్ కిట్టు దగ్గర పని ఆగిపోయింది. కప్పుని షాఫ్ట్ చెవిలోకి (కప్పు కూర్చునే రంధ్రంలోకి) వైస్‌తో నొక్కి ఎక్కించాలి. కొత్త కప్పు బొటనవేలితో నొక్కితేనే లోపలికి జారిపోయింది. చెవి అరిగిందేమోనని అనుమానం వచ్చింది. పాత కప్పునే మళ్లీ పెట్టి చూస్తే బిగుతుగా ఉంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే కొత్త కప్పు బయటి కొలత పాతదానికంటే 0.03 మి.మీ. తక్కువ. కంటికి కనిపించని ఆ తేడాతోనే కప్పు చెవిలో తిరగడం మొదలుపెడుతుంది, తర్వాత చెవి కూడా అరుగుతుంది. చెవి పోతే షాఫ్టే మార్చుకోవాలి. ఆ కిట్టు తిరిగి ఇచ్చేసి, పాత కప్పుని జేబులో వేసుకుని విజయవాడ జవహర్ ఆటోనగర్ అంతా తిరిగాం. షాపులో నిలబడి, కొలిచి, సరిపోయిన కిట్లు రెండు తెచ్చుకున్నాం. క్రాస్ కొనడానికి వెళ్లేటప్పుడు మైక్రోమీటర్ వెంట తీసుకెళ్లండి, షాపువాళ్లు ఏమీ అనుకోరు.

షాఫ్ట్‌ని లేత్ షాపులో రెండు సెంటర్ల మధ్య పెట్టి తిప్పితే మధ్యలో ఒంపు 0.35 మి.మీ. ఈ సైజు షాఫ్ట్‌కి అది ఫర్వాలేదు. మార్చలేదు, ఒంపు తీయించలేదు.

ఖర్చు: క్రాస్ కిట్లు రెండు ₹1,300, లేత్ షాపు ₹500.
ఇప్పటిదాకా: ₹3,650

దశ 3: డిఫరెన్షియల్ విప్పడం

బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల పాత డిజైన్‌లో ఒక సౌకర్యం ఉంది. యాక్సిల్ గొట్టం బండికే ఉంచి, రెండు యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగి, ముందునుంచి నట్లు విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా చేతికొస్తుంది. బరువు బాగానే ఉంటుంది, ఇద్దరు పట్టుకోవాలి. బండిని జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్ల మీద పెట్టండి.

బెంచీ మీద పెట్టాక ఏ నట్టూ కదపకముందే చేయాల్సినవి:

1. క్రౌన్ పళ్లకు ఆనించి డయల్ గేజ్ పెట్టి, పినియన్ కదలకుండా పట్టుకుని క్రౌన్‌ని ఆడించాలి. చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. మాకు 0.16 నుంచి 0.20 మి.మీ. వచ్చింది.
2. పళ్లకు నీలం మార్కింగ్ పేస్టు రాసి తిప్పాలి. మా క్రౌన్ మీద ముద్ర పంటి మధ్యలోనే పడింది, కొసకీ మొదలుకీ జరగలేదు.
3. బేరింగ్ క్యాపులు రెండూ ఏవి ఎటువైపువో పంచ్‌తో చుక్కలు పెట్టాలి. షిమ్ములు (సర్దుబాటుకి వేసే పలచటి రేకులు) కూడా ఎడమవి ఎడమకే, కుడివి కుడికే.

ఈ రకం హైపాయిడ్ గేర్లకి పళ్ల మధ్య వదులు సాధారణంగా 5 నుంచి 9 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) ఉంటుంది, అంటే 0.13 నుంచి 0.23 మి.మీ. మాది అందులోనే ఉంది. ఇక లెక్క చూద్దాం. క్రౌన్ వ్యాసార్ధం సుమారు 90 మి.మీ. అనుకుంటే 0.20 మి.మీ. వదులు క్రౌన్ దగ్గర 0.13 డిగ్రీలు. మా యాక్సిల్ నిష్పత్తి 39 పళ్లకు 8, అంటే 4.875. గుణిస్తే పినియన్ దగ్గర 0.6 డిగ్రీలు.

కొలిచినదేమో 11 డిగ్రీలు. అంటే ₹48,000 ఎస్టిమేట్‌లో పెద్ద పద్దు అయిన క్రౌన్ పినియన్, ఆ "టక్" చప్పుడుకి అరడిగ్రీ మాత్రమే కారణం. దాన్ని మార్చి ఉంటే చప్పుడు అలాగే ఉండేది, మంచి జత మాత్రం పోయేది.

మిగతా 10 డిగ్రీల్లో పెద్ద వాటా క్రౌన్ వెనక ఉన్న కేజ్‌లో దొరికింది. క్రౌన్‌కి, కేజ్‌కి కలిపి గుర్తు పెట్టి బోల్టులు విప్పాం. పిన్నుని ఆపే చిన్న చీలని కొట్టి, క్రాస్ పిన్ను బయటికి తీస్తే దాని మీద తిరిగే స్టార్ పినియన్లు రెండు, యాక్సిల్ షాఫ్టుల్ని తిప్పే సైడ్ గేర్లు రెండు ఊడి వచ్చాయి. వాటి వెనక ఉండే వాషర్లు చూస్తే విషయం అర్థమైంది. సైడ్ గేర్ వాషర్ అంచున, గేరు తగలని చోట మందం 1.25 మి.మీ. గేరు ఒరిసిన చోట 0.70. మధ్యలో పళ్లెంలా గుంటపడి, అంచు బ్లేడంత పదునుగా మిగిలింది. స్టార్ పినియన్ వెనక ఉండే గిన్నె ఆకారపు వాషర్లలో ఒకటి పగిలి రెండు ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి గేర్ల వైపు రాకుండా అడుగున ఆయిల్‌లోనే ఉండిపోవడం మా అదృష్టం. క్రాస్ పిన్ను మీద స్టార్ పినియన్ తిరిగే చోట మెట్టు పడింది, 0.15 మి.మీ.

వాషర్లు అరిగితే గేర్లు వెనక్కి జరుగుతాయి, పళ్లు లోతుగా కలవవు. వదులు ఎక్కువగా అక్కడే. సైడ్ గేర్ల పళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

నిర్ణయం: వాషర్లు నాలుగు, క్రాస్ పిన్ను కొత్తవి. క్రౌన్, పినియన్, నాలుగు గేర్లు, బేరింగ్‌లు పాతవే. బేరింగ్‌లను కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క ఆయిల్ వేసి చెవి దగ్గర పెట్టి తిప్పాం. ఎక్కడా గరుకు లేదు.

దశ 4: వాషర్లు కుదరకపోవడం

రెడీమేడ్ వాషర్లు దొరికాయి గానీ మామూలు ఇత్తడివి. ఈ చోటికి ఫాస్ఫర్ బ్రాంజ్ కావాలి, ఒత్తిడికి త్వరగా అరగదు. లేత్ మేస్త్రీ ఆ రేకు తెప్పించి నాలుగూ చేసిచ్చారు. ఆయన పాత వాషర్ అంచు కొలత పట్టుకుని, "ఎలాగూ అరుగుతాయి గదా సార్" అని 0.20 మి.మీ. మందం ఎక్కువ ఉంచారు.

బిగిస్తే గేర్లు పట్టేశాయి. ఒక సైడ్ గేర్‌లో యాక్సిల్ షాఫ్ట్ దూర్చి తిప్పబోతే రెండు చేతులతో కూడా కదల్లేదు. ఇలాగే బండికి ఎక్కిస్తే మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు స్పీడుల్లో తిరగలేవు. వాషర్లు వేడెక్కి మాడిపోతాయి.

సరిచేసిన పద్ధతి:

1. దళసరి గాజు పలక మీద 400 నంబర్ నీటి ఎమరీ కాగితం పరిచాం.
2. వాషర్‌ని వేలితో నొక్కి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాం. ఒకే వైపు రుద్దితే మందం సమంగా రాదు, అందుకే వాషర్‌ని తిప్పుతూ ఉండాలి.
3. మధ్య మధ్యలో మూడు చోట్ల మైక్రోమీటర్ పెట్టి చూశాం.
4. 1.25 దగ్గర ఆపి, బిగించి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) సైడ్ గేర్ వెనక సందు చూశాం. 0.10 మి.మీ. వచ్చింది. గేర్లు చేతికి నూనె పట్టినట్టు మెత్తగా తిరిగాయి.

క్రౌన్‌ని గుర్తుల ప్రకారం ఎక్కించి, లాక్ రేకులు కొత్తవి వేసి, వెనక ముఖం మీద డయల్ గేజ్ తిప్పితే ఊగుడు 0.04 మి.మీ. పళ్ల వదులు మళ్లీ 0.16 నుంచి 0.20. జత ఏమాత్రం చెదరలేదని అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

పినియన్ సీల్ మార్చేవాళ్లకి ఒక మాట. నట్టుకి, షాఫ్ట్ కొసకి, ఫ్లాంజికి కలిపి గీత గీసుకుని, బిగించేటప్పుడు సరిగ్గా అదే గీతకి తీసుకురండి. అంతకంటే ఎక్కువ బిగిస్తే పినియన్ బేరింగ్ మీద ఒత్తిడి మారిపోతుంది.

ఖర్చు: వాషర్లు ₹1,200, క్రాస్ పిన్ను ₹900, సీళ్లు, ప్యాకింగులు, లాక్ రేకులు ₹600.
ఇప్పటిదాకా: ₹6,350

దశ 5: డ్రమ్ములోకి ఆయిల్

ఎడమ హబ్ సీల్ అంతకుముందు మార్పించిందే. అయినా మళ్లీ కారింది. సీల్ నాసిరకం అనుకుని ఇంకొకటి వేసుకుంటూ పోవచ్చు, కానీ పాత సీల్ పెదవి చూస్తే మెత్తగా, చిరుగు లేకుండా ఉంది. మంచి సీల్‌ని దాటి ఆయిల్ వస్తోందంటే లోపల గాలి ఒత్తిడి పెరుగుతోందని అర్థం.

యాక్సిల్ గొట్టం పైన గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. మట్టి, గ్రీజు కలిసి గట్టిపడి దాన్ని పూర్తిగా మూసేశాయి. బండి నడిచి ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పైనుంచి దారి లేక హబ్ సీల్ దగ్గర తోసుకొస్తుంది. బ్రీదర్ విప్పి, పెట్రోల్‌లో నానబెట్టి, సన్నటి తీగతో పొడిచి, నోటితో ఊదితే గాలి ఆడేదాకా శుభ్రం చేశాం. సీళ్లు కూడా కొత్తవి వేశాం, తడిసిన లైనింగులు మార్చాం. ఆయిల్ తాగిన లైనింగ్‌ని ఎండలో పెట్టినా, పెట్రోల్‌తో కడిగినా బ్రేక్ సమంగా పడదు. బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు.

ఖర్చు: లైనింగులు, అతికింపు కూలి ₹950.
ఇప్పటిదాకా: ₹7,300

దశ 6: గేర్‌బాక్స్, క్లచ్ విప్పాలా?

ఎక్కువ చర్చ నడిచింది దీని మీదే. కొందరు మిత్రులు ఇంకో దారి చెప్పారు: 1990ల్లో అంబాసిడర్‌కి వచ్చిన 1817 సిసి ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సు తెచ్చి పెట్టేయమని. నడపడానికి అది మంచి బండే, కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్పుకి రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి, ఆర్.సి.లో నమోదు కావాలి. అంతకుమించి, ఈ బండి నాకు ఇలాగే కావాలి. ఆ సంగతి అక్కడితో వదిలేశాం.

ఉన్న గేర్‌బాక్స్‌కి విప్పకుండా చేసిన పరీక్షలు:

1. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా క్లచ్ తొక్కి, వదిలి విన్నాం. వదిలినప్పుడు సన్నటి హోరు, తొక్కితే పోతోంది. అంటే ఇన్‌పుట్ బేరింగ్ లేదా లేషాఫ్ట్ (గేర్‌బాక్స్‌లో పవర్‌ని గేరు నుంచి గేరుకి అందించే షాఫ్ట్) వైపు కొంత అరుగుదల ఉంది.
2. రెండు, మూడు గేర్లలో హోరు ఉంది, నాలుగులో లేదు. నాలుగో గేరులో పవర్ నేరుగా పోతుంది, లేషాఫ్ట్ మీద లోడ్ పడదు. కాబట్టి అనుమానం లేషాఫ్ట్ మీదే.
3. వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ దించి, తెల్లటి బట్టలో వడకట్టాం. పసుపు మెరుపు పొడి ఉంది, అది సింక్రో రింగుల (గేర్లు చప్పుడు లేకుండా కలిసేలా వాటి స్పీడు సమం చేసే రింగుల) ఇత్తడి. అయస్కాంతానికి సన్నటి నల్ల బురద అంటింది గానీ ఇనుప పెచ్చులు లేవు.
4. ఏ గేరూ దానంతట అది జారి న్యూట్రల్‌లోకి రావడం లేదు. కొండపల్లి ఘాట్ దిగుతూ రెండులో, మూడులో పెట్టి యాక్సిలరేటర్ వదిలి చూశాం.

పెచ్చులు లేవు, గేరు జారడం లేదు. ఇక రెండో గేరు గరగర సింక్రో అరుగుదల. గేరు దించేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్కసారి క్లచ్ వదిలి, కొంచెం రేజ్ చేసి మళ్లీ తొక్కితే చప్పుడు లేకుండా పడుతోంది. మొదటి గేరుకి అసలు సింక్రోనే లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి, ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పాల్సిన మాట. గేర్‌బాక్స్ ఇప్పుడు విప్పడం లేదు.

ఆయిల్ విషయంలో మాత్రం జాగ్రత్త. వెనక యాక్సిల్‌కి ఇ.పి. 90, జి.ఎల్.-5 తప్పనిసరి. హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుస్తాయి, మామూలు ఆయిల్ పొర నిలవదు. మిగిలింది కదా అని అదే డబ్బా గేర్‌బాక్స్‌లో పోయొద్దు. జి.ఎల్.-5లో ఉండే గంధకం కలిసిన రసాయనాలు ఇత్తడి రింగులని తినేసే అవకాశం ఉంది. గేర్‌బాక్స్‌లో జి.ఎల్.-4 పోశాం.

క్లచ్ హౌసింగ్ కింద చుక్కలకి కారణం వేరే. అడుగున ఉన్న చిన్న రంధ్రంలో కాటర్ పిన్ను వేలాడుతుంటుంది, చుక్క అక్కడినుంచి పడుతుంది. తెల్లకాగితం పెట్టి చూస్తే నల్లటి ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ వాసన లేదు. ఈ ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ వెనక రబ్బరు సీల్ ఉండదు. స్క్రూ మర ఆకారంలో కోసిన గాడి తిరుగుతూ ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆపినప్పుడు కొద్దిగా కారడం దాని నైజం. ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఇంకా ఎక్కువ కారుతుంది. ఇంజన్ బ్రీదర్ పైపు విప్పి కడిగితే చుక్కలు సగానికి తగ్గాయి.

క్లచ్ జారుతోందా? నాలుగో గేరులో 40 దగ్గర ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి చూశాం. ఇంజన్ చప్పుడు ఎంత పెరిగిందో స్పీడూ అంతే పెరిగింది. క్లచ్ బాగుంది. అయినా క్లచ్ ప్లేటు, క్లచ్‌ని విడదీసే కార్బన్ బేరింగ్ కొని అటక మీద పెడదామనుకుంటున్నాను. ఇంజన్ దించే రోజు వస్తే గేర్‌బాక్స్, క్లచ్ రెండూ ఒకేసారి చేసుకోవచ్చు.

ఖర్చు: ఆయిళ్లు ₹1,600, సాయం చేసిన కుర్రాడి కూలి ₹2,000.
ఇప్పటిదాకా: ₹10,900

దశ 7: బిగించాక కొలతలు

అదే ముల్లు, అదే 30 సెంటీమీటర్లు:

- డిఫరెన్షియల్, యాక్సిల్ వైపు: 58 ఉండేది, ఇప్పుడు 24 మి.మీ.
- క్రాసులు: 10 ఉండేది, ఇప్పుడు 0.
- గేర్‌బాక్స్: 8, మార్పు లేదు.
- మొత్తం: 76 నుంచి 32 మి.మీ.

మిగిలిన 24లో ఎక్కువ భాగం యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లదే. వాటి పళ్లు మెలి తిరగలేదు, పగుళ్లు లేవు, కాబట్టి అలాగే ఉంచాం.

బందరు రోడ్డు మీద 50 నుంచి 70 మధ్య యాక్సిలరేటర్ తొక్కుతూ, వదులుతూ నడిపాం. "టక్" పూర్తిగా పోలేదు, సీటుకి తెలుస్తుంది గానీ చెవికి వినబడదు. క్రౌన్ నుంచి ఈల లేదు, లోడ్ మీదా లేదు, వదిలినప్పుడూ లేదు. ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ముద్ద మీద అరచెయ్యి పెడితే వేడిగా ఉంది గానీ చెయ్యి తీసేయాల్సినంత కాదు.

మర్నాడు పొద్దున మాత్రం డిఫరెన్షియల్ అంచున తడి. ప్యాకింగ్ కారుతోందేమో అనుకున్నాం గానీ, తుడిచి ముగ్గుపిండి చల్లి చూస్తే ఒకే ఒక్క స్టడ్ దగ్గర పిండి తడిసింది. ఆ స్టడ్ రంధ్రం లోపలిదాకా ఉండటంతో మర వెంట ఆయిల్ వస్తోంది. నట్టు కింద రాగి వాషర్ వేసి, మరకి సీలెంట్ రాసి బిగిస్తే ఆగింది.

ఇంకా చేయాల్సినవి: వెయ్యి కిలోమీటర్ల తర్వాత యాక్సిల్ ఆయిల్ దించి బ్రాంజ్ పొడి ఎంత వచ్చిందో చూడటం, ముల్లు పెట్టి మళ్లీ కొలవడం. డిఫరెన్షియల్ వైపు 24 నుంచి 30 దాటితే ముద్ద మళ్లీ దించి వాషర్లు చూస్తాం. గేర్‌బాక్స్ ఆయిల్‌లో అయస్కాంతానికి పెచ్చు ఒక్కటి దొరికినా లేషాఫ్ట్ పని మొదలుపెడతాం.